దసరా మర్నాడు నేను మూయించిన పెట్రోల్ బంకు

ప్రమాదాలు చెప్పి రావంటారు. నేను తెచ్చిన ప్రమాదం మాత్రం ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకొని, తల దువ్వుకొని, జేబులో పెన్ను పెట్టుకొని, డ్యూటీ టైముకు ముందే వచ్చింది. ఒక్క పొద్దున పూటలో నడుస్తున్న పెట్రోల్ బంకును మూయించాను. సగం మాదన్నపేటను సీసాలు పట్టుకొని రోడ్డు మీదికి రప్పించాను. కంపెనీ ఆఫీసరమ్మను టిఫిన్ ప్లేటు ముందు నుంచి లేపి పరుగెత్తించాను. నన్ను నమ్మి ఉద్యోగమిచ్చిన పెద్దమనిషిని కుర్చీలో కూలబడేలా చేశాను. ఇదంతా చాలా నిజాయితీగా, అందరినీ కాపాడుతున్నానన్న గట్టి నమ్మకంతో చేశాను. అదే అసలు బాధ. దొంగతనం చేసి దొరికినవాడికి చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉంటుంది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు నర్సింగరావు. పుట్టింది మాదన్నపేటలో, పాలు అమ్ముకునే ఇంట్లో. పుట్టుకతో నాకు వచ్చిన ఏకైక ఆస్తి భయం. గ్యాస్ కట్టేశానో లేదో అని గల్లీ చివరి నుంచి వెనక్కి వచ్చేవాడిని. తాళం వేశాక పడిందో లేదో అని లాగి చూసేవాడిని, లాగినందువల్ల ఊడిందేమోనని మళ్ళీ లాగేవాడిని. "వీడు పెండ్లి పీటల మీద గూడ పిల్ల అదేనా కాదా అని తెర ఎత్తి చూసుకుంటడు" అనేది మా అమ్మ. ఇలాంటివాడికి దేవుడు ఏ పని ఇవ్వాలి? ఏ లైబ్రరీలోనో పుస్తకాలు సర్దే పని ఇవ్వచ్చు. దేవుడు ఇచ్చింది, కాళ్ళ కింద భూమిలో ట్యాంకుల నిండా పెట్రోల్ ఉండే చోట అసిస్టెంట్ మేనేజరు ఉద్యోగం.

బంకు యజమాని రవూఫ్ సాబ్. అన్నదమ్ములందరూ లాడ్ బజార్‌లో గాజుల వ్యాపారంలో స్థిరపడితే, ఈయన ఒక్కడే "గాజులు పగుల్తయ్, పెట్రోల్ పగలదు" అని వాళ్ళ నాన్నను ఒప్పించి బంకు పెట్టుకున్నాడట. నిజమే, పెట్రోల్ పగలదు. కానీ దానికి నీటి గండం ఉంది. నేను చేరకముందు ఒక వానాకాలంలో రోడ్డు మీది వరద ట్యాంకు మూతి దాకా వచ్చి లోపలికి దిగింది. ఆ పొద్దున పెట్రోల్ కొట్టించుకున్న బండ్లన్నీ చౌరస్తా దాటకుండానే మొరాయించాయి. కంపెనీవాళ్ళు అమ్మకం ఆపించారు. రవూఫ్ సాబ్ ట్యాంకు మూతులన్నిటికీ సిమెంటు గట్టు కట్టించాక మళ్ళీ తెరవనిచ్చారు గానీ, ఒక మాట చెప్పి పోయారు. ఇంకొక్కసారి ట్యాంకులో నీళ్ళు కనిపిస్తే బంకు ఇంకొకరికి పోతుంది.

ఆ మాట బంకులో అందరికీ కంఠస్థం. పెట్రోల్ కొట్టే యాదమ్మ దగ్గర నుంచి టైర్లలో గాలి నింపే ముసలాయన దాకా అందరి ఇళ్ళ తిండీ ఆ ట్యాంకు మూతి మీద ఆధారపడి ఉంది. అందుకే నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటూ రవూఫ్ సాబ్ ఇలా అన్నాడు.

"చూడు నర్సింగ్, నీకు భయం జాస్తి అని మీ మామ చెప్పిండు. అందుకే తీసుకుంటున్న. ధైర్యం ఉన్నోడు ట్యాంక్ దిక్కు చూడడు. భయం ఉన్నోడు రోజు చూస్తడు. నీది ఒక్కటే పని. పానీ. పానీ మీద నజర్ పెట్టు."

పెట్టాను. అంత నజర్ పెట్టబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను.

ట్యాంకులో నీళ్ళు ఉన్నాయో లేవో చూడడానికి బంకుల్లో ఒక పద్ధతి ఉంది. పొడవాటి కడ్డీ ఒకటి ఉంటుంది, డిప్ రాడ్ అంటారు. దాని కింది కొసకు ఆవముద్ద రంగులో ఉండే ఒక పేస్టు రాసి, ట్యాంకు అడుగు తగిలేదాకా దించి పైకి తీయాలి. నీళ్ళు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి ఉంటే అడుగునే ఉంటాయి. పెట్రోల్ తగిలితే పేస్టు రంగు మారదు. నీళ్ళు తగిలాయా, ఎర్రబడుతుంది. పైగా ఈ రోజుల్లో పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు. ఆ ఇథనాల్‌కు నీళ్ళంటే పుట్టింటి ప్రేమ. కాస్త నీరు తగిలితే చాలు, పెట్రోల్‌ను వదిలేసి దానితో కలిసి అడుక్కి వెళ్ళిపోతుంది. ఇదంతా కంపెనీ ట్రైనింగులో చెప్పారు. అందరూ మధ్యాహ్నం పెట్టబోయే బిర్యానీ గురించి ఆలోచిస్తుంటే నేనొక్కడినే చెమటలు తుడుచుకుంటూ విన్నాను.

ఇక దసరా వచ్చింది. మా దగ్గర దసరా నాడు పనిముట్టుకు పూజ చేయని మనిషి ఉండడు. మా మల్లేశం మామ పాల క్యాన్లకు, కొలత గ్లాసుకు, ఆఖరికి బర్రెను కట్టే గుంజకు కూడా బొట్టు పెడతాడు. బంకులో ఆ మాట ఎత్తింది యాదమ్మ.

"సార్, మిషిన్లకు పూజ జేద్దామా? ఏడాది పొడుగూత మనకు అన్నం పెడుతున్నయ్."

"చెయ్యాలె గనీ యాదమ్మా, ఈడ అగ్గి ముట్టియ్యొద్దు గద. అగరబత్తి లేదు, దీపం లేదు, ఏం పూజ?"

లోపల కూర్చున్న రవూఫ్ సాబ్ తల బయటపెట్టాడు. "అగ్గి లేకుంట చెయ్యుండ్రి. దేవుడు చీకట్ల గూడ చూస్తడు గదా." అనడమే కాదు, మార్కెట్ నుంచి బంతిపూల దండలు కూడా ఆయనే తెప్పించాడు.

అలా జరిగింది మా పూజ. కొబ్బరికాయ కొట్టాం. పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి, వెలిగించకుండానే మూడు చుట్లు తిప్పి, వెలిగిందనుకొని కళ్ళకద్దుకున్నాం. పసుపు కుంకుమల బాధ్యత నాది. భయస్తుడికి భక్తి ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు. పంపులకు పెట్టాను, నాజిళ్ళకు పెట్టాను, గాలి మిషన్‌కు, ఇసుక బకెట్లకు, కార్డు గీకే మిషన్‌కు, క్యాలిక్యులేటర్‌కు పెట్టాను. స్టోర్ రూములోకి పోయి అక్కడున్న సామాను ఒక్కటి వదలకుండా పట్టించాను. గిన్నె పట్టుకొని బయటికి వస్తుంటే యాదమ్మ రెండు చేతులూ జోడించింది. "నన్ను ఇడ్సిపెట్టుండ్రి సార్, నేను మిషిన్ గాదు."

ఆ రాత్రి వాన పట్టుకుంది. పట్టుకున్నది తెల్లారేదాకా వదల్లేదు. రేకుల మీద పడే ప్రతి చినుకూ నాకు ట్యాంకులో పడుతున్నట్టే వినిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అసిస్టెంట్ మేనేజరు నిద్రెరగడు. తెల్లవారగానే బంకులో ఉన్నాను.

నాకన్నా ముందే అక్కడ మల్లేశం మామ ఉన్నాడు. బండికి రెండు వైపులా పాల క్యాన్లు వేలాడుతున్నాయి.

"అల్లుడా, టాంకి ఫుల్ కొట్టు. పాలు పొయ్యాలె."

"మామా, జర ఆగు. ముందు డిప్ జూడాలె. రాత్రంత వాన గద."

"నువ్వు డిప్ జూసేటాలకు నా పాలు పెరుగైతయ్ రా. యాదమ్మా, కొట్టు!"

యాదమ్మ కొట్టింది. మామ వెనక నిలబడ్డ నలుగురైదుగురికి కూడా కొట్టింది. అమ్మకం మొదలుపెట్టకముందే డిప్ చూడాలన్నది రూలు. ఆ రూలు అప్పటికే తప్పాను. గబగబా స్టోర్ రూములోకి పోయి రాడ్ తెచ్చాను. ఆకాశం ఇంకా ముసురుగా ఉంది. కొసకు పేస్టు రాశాను. ఇక్కడ ఒక చిన్న పని వదిలేశాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. చెబితే మీరు నన్ను ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతారు.

మూత తీశాను. రాడ్ దించాను. అడుగు తగిలింది. పైకి తీశాను.

ఎర్రగా ఉంది.

కళ్ళు నులుముకొని చూశాను. ఎరుపే. కొస నుంచి పైకి అరచేయంత ఎత్తున, మచ్చలు మచ్చలుగా, తమలపాకు నమిలి ఉమ్మినట్టు ఎరుపు. తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడిని కదా, ఊరుకుంటానా? దాని మీదే ఇంకాస్త పేస్టు పట్టించి మళ్ళీ ముంచాను. ఈసారి ఇంకా ఎర్రగా వచ్చింది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు. పిచ్చోడు నయం. భయస్తుడి చేతిలో డిప్ రాడ్ పెట్టకూడదు.

"యాదమ్మా! ఆపు! నాజిల్ కింద పెట్టు!"

యాదమ్మ ఒక స్కూటర్‌కు కొడుతున్నదల్లా ఉలిక్కిపడింది. "ఏమైంది సార్? పామొచ్చిందా?"

"పాము గాదు. నీళ్లు."

ఆ మాటకు ఆమె ముఖం తెల్లబోయింది. పాము అని ఉంటే కర్ర తెచ్చేది. నీళ్ళు అనేసరికి నాజిల్ తగిలించి, కొంగుతో చేతులు తుడుచుకొని, మెల్లగా నేల మీద కూర్చుంది. "మల్ల బంద్ వెడ్తరా సార్? మా పెద్దదాని కాలేజి ఫీజు ఈ నెలనే గద." డ్రమ్ములు దొర్లించి, తాడు కట్టి, రెండు దారులూ మూసేశాను.

తర్వాత రవూఫ్ సాబ్‌కు ఫోన్ చేశాను. అంత పొద్దున నా పేరు కనిపించగానే ఆయనకు అర్థమైనట్టుంది.

"క్యా హువా, నర్సింగ్?"

"సాబ్... పానీ."

"ఎంత?"

"అరచేయంత సాబ్. రెండుసార్లు చూసిన."

"కంపెనీకి చెప్పినవా?"

"ఇంక లేదు సాబ్. మీరు చెప్తే..."

"చెప్పు. దాస్తే గునా, తప్పైతది. నేను వస్తున్న."

ఆ మాటలో కోపం ఉంటే నాకు బాగుండేది. లేదు. కంపెనీ ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. "అమ్మకం ఆపారా? ఆపితే ఇంక ఏమీ ముట్టుకోకండి, వస్తున్నా" అని పెట్టేసింది. ఇంతవరకూ నేను చేసిందంతా రూలు ప్రకారమే, గమనించండి. ఇక్కడ ఆగి, నోరు మూసుకొని, కుర్చీలో కూర్చొని ఉంటే ఈ కథ నలుగురి మధ్యే ముగిసిపోయేది. కానీ అప్పటికే ఆ పెట్రోల్ పోయించుకొని వెళ్ళినవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళలో నా దగ్గర నంబరు ఉన్నది ఒక్కరిదే. వద్దు వద్దంటున్నా నా వేలు ఆ నంబరునే నొక్కింది.

"మామా, ఏడున్నవ్?"

"ఈడనే, చావ్నీ దిక్కు. ఏందిరా?"

"బండి ఆపు! ఎంటనే ఆపు! కిక్ కొట్టకు!"

"ఆగింది. ఏమాయెరా? బాంబ్ ఉన్నదా?"

"నీ టాంకిల నీళ్లున్నయ్ మామా. మా పెట్రోల్‌ల నీళ్లు కలిసినయ్."

మల్లేశం మామ ముప్ఫై ఏళ్ళుగా పాలు అమ్ముతున్నాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఆయన విన్నది ఒకే ఒక్క మాట: "మల్లేశం, ఇయ్యాల నీళ్లెక్కువ పోసినవ్." ఆయన పోయడు. పోయడని నేను ఒట్టేసి చెప్పగలను, మా అమ్మ మాత్రం చెప్పలేదు. అలాంటి మనిషికి జీవితంలో మొదటిసారి, నీళ్ళు కలిపింది తాను కాదు, ఇంకొకరు అని చెప్పుకునే అవకాశం నేను చేతిలో పెట్టాను. ఎవరైనా వదులుకుంటారా?

వదులుకోలేదు. బండిని అక్కడే గోడకు ఆనించి, క్యాన్లను అప్పుడే ముసురు విడిచి కాస్తున్న ఎండకు వదిలేసి, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఒక్కొక్కరికీ చెబితే ఆలస్యమవుతుందని, ఫోన్‌లో మాట రికార్డు చేసి, పాలవాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత నేను కూడా విన్నాను దాన్ని. "భాయియో, అన్నలారా, ఎవ్వలు బండి స్టార్ట్ చెయ్యకుండ్రి! సగం నీళ్లు, సగం పెట్రోల్! ఎవలో చెప్పింది గాదు, ఆడ మేనేజర్ జేసే నా సొంత మేనల్లుడే చెప్పిండు!" నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా బంకులో నిప్పు పూర్తిగా నిషేధం. పొగ మాత్రం చార్మినార్ దాకా పోయింది.

రవూఫ్ సాబ్ వచ్చేసరికి తాడు అవతల పది మంది ఉన్నారు. ఆయన ఆ తొందరలో ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బాత్రూం స్లిప్పరు వేసుకొని వచ్చాడు. పక్కకు పెట్టిన రాడ్‌ను దూరం నుంచి చూశాడు. ఎరుపు చూశాడు. కుర్చీలో కూలబడి, జేబులోంచి తస్బీ తీసి పూసలు తిప్పడం మొదలుపెట్టాడు. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను.

"సాబ్, తిట్టుండ్రి సాబ్."

"ఎందుకు బేటా? నువ్వు చూసినవ్. చూసినోన్ని తిడ్తరా? నీళ్లొచ్చినయ్, నసీబ్." తర్వాత, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నా అన్నలు చెప్పిన్రు. గాజులే మంచిగుండె."

నిజం చెబుతున్నాను, ఆ మాటకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా టైము దొరకలేదు. మల్లేశం మామ జనాన్ని వెంటేసుకొని వచ్చేశాడు. అందరి చేతుల్లో సీసాలు. కూల్ డ్రింక్ సీసాలు, నూనె సీసాలు, ఒకాయన దగ్గరైతే పిల్లల దగ్గు మందు సీసా. తమ బండ్ల ట్యాంకుల్లోంచి తీసిన పెట్రోల్ వాటిలో పట్టుకొచ్చారు.

"ఏడి మేనేజర్? బండి ఖరాబైతే ఎవలు కడ్తరు?"

"నా ఇంజన్ లోపలికి నీళ్లు పోయినట్టుంది అన్నా, పొద్దుటిసంది గుడగుడ అంటున్నది!"

"నీ బండి పోయిన ఏడాది సంది గుడగుడ అంటున్నది గదరా" అన్నాడు పక్కవాడు. నేను ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అంతలో ఒక కుర్రాడు ఫోన్ పైకెత్తి, "ఫిల్టర్ పేపర్ టెస్ట్ చెయ్యాలె! కస్టమర్ అడిగితే చెయ్యాలె, మన హక్కు!" అన్నాడు. హక్కే. అడిగినవాడికి కాదనకూడదు. ఫిల్టర్ పేపర్ తెచ్చి, నాజిల్ నుంచి ఒక చుక్క వేశాను. అందరూ దాని మీద వంగారు. చుక్క ఆరిపోయింది. మరక లేదు.

"మరక లేదు! అంటే మంచిదే గద?" అంది యాదమ్మ, నేల మీద నుంచి లేస్తూ, ఆశగా.

మరక లేకపోతే కల్తీ లేనట్టే. అక్కడ "అవును" అని ఒక్క మాట అంటే సగం జనం ఇళ్ళకు పోయేవారు. కానీ నేను ట్రైనింగులో శ్రద్ధగా విన్నవాడిని. గొంతు సవరించుకున్నాను.

"అట్ల గాదు. ఈ టెస్ట్ కిరోసిన్ అసుంటివి కలిపితే తెలుస్తది. నీళ్లు తెలువయ్. ఇథనాల్ ఉంటది గద, అది నీళ్లను పట్టుకొని కిందికి గుంజుకపోతది. పైన మంచి పెట్రోల్ కనిపిస్తది, అడుగుల ఉంటది అసలు సంగతి."

జనం నోళ్ళు తెరుచుకొని విన్నారు. అంత బాగా నేను ఎప్పుడూ, ఎక్కడా మాట్లాడలేదు. చివరికి మామ తన సీసాను నా ముక్కు ముందు పెట్టాడు.

"మరి గీ సీసల చూడు. పొద్దుటిసంది పట్టుకొని తిరుగుతున్న. అంత ఒక్కతీరే ఉన్నది. ఏదిరా నీళ్లు?"

"ఇంక ఇడిపోలేదు మామా. ఓపిక పట్టాలె."

మామ సీసాను గట్టు మీద పెట్టి దాని ముందు కూర్చున్నాడు. కూర్చొని దాన్నే చూస్తున్నాడు. నీళ్ళు విడిపోవాలని ఇంత ఆశగా చూసిన పాలవాడు ఇంకొకడు ఉండడు. నిజానికి ఈపాటికి అడుగున గీత కనిపించాలి. కనిపించడం లేదు. కనిపించనందుకు సంతోషించాల్సింది పోయి, నేను భయపడ్డాను. నీళ్ళుంటే బంకు పోతుంది. లేకపోతే నేను పోతాను.

అప్పుడే ఆఫీసరమ్మ కారు దిగింది. సన్నగా, కళ్ళద్దాలతో, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో గాజు జాడీ. జనాన్ని చూసింది, సీసాలను చూసింది, నన్ను చూసింది.

"వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?"

"తెలిసిపోయింది మేడమ్" అన్నాను. మామ ఛాతీ విరుచుకొని "నేనే చెప్పిన మేడమ్" అన్నాడు.

ఆమె నాజిల్ నుంచి జాడీలోకి పెట్రోల్ పట్టి వెలుతురుకు ఎత్తింది. తేటగా ఉంది. డెన్సిటీ చూసింది. తల ఊపింది. ముఖం చిట్లించింది. "శాంపిల్ బాగుంది. వాటర్ ఎక్కడ కనిపించింది మీకు?"

నేను రాడ్‌ను రెండు చేతులతో, పుట్టిన బిడ్డను చూపించినట్టు చూపించాను. ఆమె దాన్ని అందుకొని, పెట్టెలోంచి ఒక పొడి గుడ్డ తీసి, కొసను తుడవబోయింది.

"మేడమ్! తుడవొద్దు!"

అది నా గొంతే. ఎలా వచ్చిందో నాకే తెలియదు. జనమంతా నా వైపు తిరిగారు. సీసా ముందు కూర్చున్న మామ కూడా తిరిగాడు.

"ఎందుకు తుడవొద్దు? సాక్ష్యం పోతుందనా?"

"గట్ల గాదు మేడమ్..."

"పేస్ట్ పెట్టేముందు రాడ్ తుడిచి, ఆరనిచ్చారా?"

ఇదిగో, ఇదే ఆ చిన్న పని. ట్రైనింగులో మొట్టమొదట చెప్పిన పని. నేను నేల చూశాను.

"లేదు మేడమ్."

"ఎందుకు లేదు?"

"నిన్న దసరా మేడమ్."

"అయితే?"

"పనిముట్లకు పూజ చేసినం. రాడ్‌కు గూడ పసుపు పట్టించిన, కుంకుమ పెట్టిన. పెట్టిన తెల్లారే తుడిస్తే... మంచిది గాదు గద మేడమ్. అందుకే తుడవకుంట, దాని మీదనే పేస్ట్ రాసిన."

ఆఫీసరమ్మ రాడ్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. గోటితో గీకింది. వాసన చూసింది. పేస్టు పసుపు రంగే, పసుపూ పసుపు రంగే. ఆ ముసురులో రెండిటికీ తేడా తెలియలేదు నాకు. ఎర్ర మచ్చల మధ్య నుంచి ఆమె రెండు వేళ్ళతో ఏదో ఊడదీసి అందరికీ కనిపించేలా పట్టుకుంది. బంతిపువ్వు రేక.

"పసుపు దేంతో కలిపారు?" అని మెల్లగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ చెప్పేసింది. "నీళ్లతోనే గద మేడమ్. ఇంక దేంతోని కలుపుతరు?"

రాత్రంతా వాన, ముసురు. స్టోర్ రూములో ఆ పసుపు ఆరనే లేదు. పాపం పేస్టు అబద్ధం చెప్పలేదు. నీళ్ళు ఉన్నాయంది, ఉన్నాయి. కాకపోతే వాటిని కలిపి, పట్టించి, భక్తితో ట్యాంకులోకి దించింది నేను.

ఎవరూ నవ్వలేదు, ఇంకా. ఎందుకంటే ఆఫీసరమ్మ, "ఇది నా అనుమానం. టెస్ట్ చేస్తే తెలుస్తుంది" అంది. రాడ్‌ను గట్టిగా తుడిచింది. ఇంకోసారి తుడిచింది. ఆరనిచ్చి, కొత్తగా పేస్టు రాసి, మూత తీసి దించింది. రవూఫ్ సాబ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆయన వేళ్ళ మధ్య పూసలు ఆగిపోయాయి. యాదమ్మ నా మోచేయి పట్టుకొంది. ఎంత గట్టిగా పట్టుకొందంటే ఆ గుర్తు సాయంత్రం దాకా ఉంది.

రాడ్ పైకి వచ్చింది. కొస చివరి దాకా ఆవముద్ద రంగు. ఎర్రటి చుక్క ఒక్కటి లేదు.

"వాటర్ నిల్" అంది ఆఫీసరమ్మ. నమ్మకం కోసం రెండోసారి కూడా చేసింది. అదే రంగు. "మీ ట్యాంక్ శుభ్రంగా ఉంది, రవూఫ్ గారూ. తెరుచుకోండి."

రవూఫ్ సాబ్ ఆకాశం వైపు ఒకసారి చూసి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "యాదమ్మా" అన్నాడు, "జర పానీ పిలావ్." ఆ పొద్దుటి నుంచి ఆ మాటను ఎవరైనా సంతోషంగా పలకడం అదే మొదటిసారి. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకొని, నా వైపు చూశాడు. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. కాదు, నవ్వుతున్నాడు. అప్పుడు జనం కూడా అందుకున్నారు. దగ్గు మందు సీసా ఆయన నవ్వు ఆపుకోలేక గట్టు మీద చతికిలబడ్డాడు.

నవ్వనిది ఒక్క మల్లేశం మామే. సీసా చేతిలో పట్టుకొని లేచి నా ముందుకు వచ్చాడు.

"అంటే నా టాంకిల నీళ్లు లెవ్వు?"

"లెవ్వు మామా."

"సీసల లెవ్వు?"

"లెవ్వు."

"ట్యాంక్‌ల లెవ్వు. మరి నా పాలు ఎందుకు ఎండల పెట్టిపిచ్చినవ్ రా?"

పాలు విరిగిపోయాయి. ఆ వారమంతా మా ఇంట్లో పొద్దున కలాకండ్, మధ్యాహ్నం కలాకండ్, రాత్రికి మిగిలిన కలాకండ్. పెట్టేటప్పుడల్లా అమ్మ, "తిను బిడ్డా, నీ కష్టార్జితం" అనేది. బంకు ముందు మాత్రం చాలా రోజులు జనం సీసాలు ఊపి చూసుకొనే పోయేవారు. నన్ను చూసి, "అన్నా, ఇయ్యాల రాడ్ తుడిచినవా?" అని అడిగి మరీ పోయేవారు.

రవూఫ్ సాబ్ నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అడిగితే, "నీళ్లు లేని కాడ గూడ చూసినోడు, ఉన్న కాడ ఇడుస్తడా?" అన్నాడు. మరుసటి దసరాకు మాత్రం పూజ మొదలవకముందే కొత్త డిప్ రాడ్ ఒకటి తెప్పించి నా చేతిలో పెట్టాడు. "ఇది పూజకు. అది పనికి. రెంటిని కలుపకు." ఆ రాడ్ ఇప్పటికీ ఆఫీసు గోడ మీద నిండా పసుపు కుంకుమలతో ఉంది. దాన్ని ఇంతవరకు ఏ ట్యాంకులోనూ దించలేదు, ఎవరూ తుడవలేదు. కొత్తగా చేరినవాళ్ళు అదేమిటని అడిగితే యాదమ్మ కూర్చోబెట్టి ఈ కథ చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో జనం వెయ్యి మంది ఉంటారు, నేను రెండుసార్లు స్పృహ తప్పుతాను.

ఇక మా మామ. ఈ మధ్య ఒకావిడ కొత్తగా, పాలలో నీళ్ళెంతో చూపించే గాజు గొట్టం కొనుక్కొని, గిన్నెలో ముంచి చూసి, "మల్లేశం, నీళ్లు చూపిస్తున్నది" అందట. ఇదివరకైతే ఒట్లు పెట్టుకునేవాడు. ఇప్పుడు క్యాను మూత పెడుతూ తాపీగా ఒకే మాట అన్నాడట.

"గొట్టం తుడిచి చూడు తల్లీ. మా మేనల్లుడు కడుపునిండ సదువుకున్నోడు, గాడే మోసపోయిండు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. దీపం ముందు చేద్దామనుకున్నాను గానీ, బంకులో దీపం పెట్టకూడదు. అందుకని మా వెలిగించని కర్పూరం సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో ఏ రాడ్‌నైనా తుడవకుండా ఏ ట్యాంకులోనూ దించను. ఏది ఎర్రగా కనిపించినా, ముందు నా చేతులు చూసుకుంటాను. ఆ తర్వాత కూడా ఎరుపు పోకపోతే, కంపెనీకి చెబుతాను, రవూఫ్ సాబ్‌కు చెబుతాను, అవసరమైతే దేవుడికి చెబుతాను. మా మామకు మాత్రం చచ్చినా ఫోన్ చేయను.